పక్కింటి మోత, వీధి మైకు: శబ్ద పరిమితులు, ఫిర్యాదులపై తరచుగా అడిగే ప్రశ్నలు

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఉండేవాళ్ల కోసం రాసిన పేజీ ఇది. మూల నిబంధనలు కేంద్రానివి కాబట్టి బెంగళూరులోనో పుణెలోనో ఉన్న మనవాళ్లకూ చాలామటుకు వర్తిస్తాయి.

ఇళ్ల మధ్య ఎంత శబ్దం వరకు చెల్లుతుంది?

నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెళ్లు, రాత్రి 45. పగలంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు. రాత్రంటే 10 నుంచి మర్నాడు ఉదయం 6 వరకు. శబ్ద కాలుష్య (క్రమబద్ధీకరణ, నియంత్రణ) నిబంధనలు 2000లోని షెడ్యూలు ఇది. ఆ నిబంధనలు 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 2000 ఫిబ్రవరి 14న వచ్చాయి.

వాణిజ్య ప్రాంతంలో పగలు 65, రాత్రి 55. పారిశ్రామిక ప్రాంతంలో 75, 70. నిశ్శబ్ద మండలంలో 50, 40. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించే వీలుంది. అయితే 2017 సవరణ తర్వాత రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫై చేస్తేనే అది నిశ్శబ్ద మండలం అవుతుంది. ఆసుపత్రి పక్కన ఉన్నాం కాబట్టి 40 డెసిబెళ్లే అని వాదించే ముందు ఆ నోటిఫికేషన్ ఉందో లేదో చూసుకోండి.

కింద షాపులు, పైన ఇళ్లు ఉన్న వీధులు మన ఊళ్లలో లెక్కలేనన్ని. అలాంటి మిశ్రమ ప్రాంతాన్ని ఈ నాలుగింటిలో ఏదో ఒకటిగా ప్రకటించే అధికారం సంబంధిత అధికారులకు ఉంది. ఎదుటివాళ్లు "ఇది కమర్షియల్ ఏరియా" అంటే మాస్టర్ ప్లాన్‌లో మీ వీధి ఏ జోన్‌లో ఉందో మున్సిపాలిటీ పట్టణ ప్రణాళిక విభాగంలో అడిగి తెలుసుకోవచ్చు.

45 డెసిబెళ్లంటే చెవికి ఎలా ఉంటుంది?

ఎదురెదురుగా కూర్చుని ఇద్దరు మామూలుగా మాట్లాడుకుంటే సుమారు 60. 45 అంటే వీధి సద్దుమణిగి, దూరంగా ఏదో బండి వెళ్తున్నట్టు లీలగా వినిపించే స్థాయి.

డెసిబెళ్ల లెక్క మామూలు కూడిక కాదు. ఒకే రకం స్పీకరు పక్కన ఇంకొకటి పెడితే 60 కాస్తా 120 అవదు, 63 అవుతుంది. 10 పెరిగితే శబ్ద శక్తి 10 రెట్లు పెరిగినట్టు, చెవికి దాదాపు రెట్టింపు గట్టిగా వినిపిస్తుంది. "నాలుగైదు డెసిబెళ్లే కదా ఎక్కువ" అనే మాట అందుకే నిలవదు.

ఇంకో సంగతి: షెడ్యూలులోని అంకెలు కొంత సమయానికి తీసిన సగటు. ఒక్కసారి మోగి ఆగిన హారన్‌తో ఆ సగటు దాటకపోవచ్చు. రెండు గంటలు ఆగకుండా మోగే డోలు కచ్చితంగా దాటిస్తుంది.

రాత్రి 10 దాటాక మైకు మోగుతోంది. ఎన్ని డెసిబెళ్లో నేను కొలిచి చూపించాలా?

అక్కర్లేదు. ఈ పేజీలో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇదే గుర్తుపెట్టుకోండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకరు, ఆంప్లిఫయరు, వాద్యాలు, శబ్దం చేసే ఏ పరికరమైనా వాడటమే నిషేధం. ఎంత గట్టిగా అన్నది తర్వాతి మాట. ఆడిటోరియం, కాన్ఫరెన్స్ గది, కమ్యూనిటీ హాలు లాంటి మూసిన చోట లోపలివాళ్లకు వినిపించడానికి వాడుకోవచ్చు. ప్రజా అత్యవసర పరిస్థితికీ మినహాయింపు ఉంది. షామియానా, ఓపెన్ లాన్, టెర్రస్ మూసిన చోట్లు కావు.

ఫిర్యాదు గురించి చెప్పే 7వ నిబంధనలో రెండు దారులున్నాయి. ఒకటి, శబ్దం పరిమితి కన్నా 10 డెసిబెళ్లు లేదా అంతకు మించి ఎక్కువ ఉండటం. రెండోది, రాత్రి ఆంక్షల్లో దేన్నైనా ఉల్లంఘించడం. రెండో దారికి మీటరు అవసరం లేదు, గడియారం చాలు. చాలామంది రాత్రి 11 గంటలకు ఫోన్ చేసి "చాలా గోలగా ఉందండీ" అంటారు. వచ్చిన కానిస్టేబుల్ "కాస్త తగ్గించండి" అని చెప్పి వెళ్లిపోతాడు. ఫోన్‌లో మీరు చెప్పాల్సిన మాట గోల గురించి కాదు: "రాత్రి 10 దాటింది, ఆరుబయట సౌండ్ సిస్టమ్ నడుస్తోంది." అప్పుడు అడుగుతున్నది తగ్గించమని కాదు, ఆపమని.

తెల్లవారుజాము కూడా రాత్రి కిందికే వస్తుంది. ధనుర్మాసంలో 4:30కి మొదలయ్యే పాటలకైనా, ఏ ప్రార్థనా మందిరం బయటి మైకుకైనా ఉదయం 6 గంటల గీత ఒకటే.

పండగలకు మినహాయింపు ఉందిగా?

ఉంది, కానీ హద్దులో. సాంస్కృతిక, మతపరమైన పండగ సందర్భాల్లో రాత్రి 10 నుంచి 12 వరకు అనుమతించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. అదీ ఏడాది మొత్తం మీద 15 రోజులకు మించకూడదు. ఈ వెసులుబాటును 2005 అక్టోబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. 12 దాటాక దీని కింద ఎవరికీ అనుమతి రాదు. పెళ్లి బారాత్, పుట్టినరోజు, గృహప్రవేశం ఈ పండగల లెక్కలోకి రావు.

ప్రార్థన మా హక్కు అనే వాదనకు సుప్రీంకోర్టు 2000 ఆగస్టు 30న జవాబిచ్చింది. చెన్నైలోని ఒక చర్చికీ, పక్క కాలనీ సంక్షేమ సంఘానికీ మధ్య నడిచిన కేసది. ఇతరుల ప్రశాంతతను చెడగొడుతూ ప్రార్థించాలని ఏ మతమూ చెప్పదని కోర్టు పేర్కొంది. గుడికీ మసీదుకీ చర్చికీ కొలత ఒకటే. ఫిర్యాదులో మతం ఊసెత్తకండి, సమయం, పరికరం మాత్రమే రాయండి. మతం మాట వచ్చిందంటే శబ్దం సంగతి పక్కకు పోతుంది, వీధిలో మనస్పర్థలు మిగులుతాయి.

పగలైతే ఎంతైనా పెట్టుకోవచ్చా?

లేదు. లౌడ్‌స్పీకరుకు పగలైనా రాతపూర్వక అనుమతి కావాలి. దరఖాస్తు స్థానిక పోలీస్ స్టేషన్‌లో ఇస్తారు. నిబంధనల ప్రకారం అధికారి అంటే కలెక్టరు, పోలీస్ కమిషనరు లేదా డీఎస్పీకి తగ్గని హోదాలో నియమించిన అధికారి.

అనుమతి ఉన్నా పరిమితి ఉంటుంది. బహిరంగ స్థలం సరిహద్దు దగ్గర ఆ ప్రాంత పరిమితి మీద 10 కలిపితే వచ్చేది, లేదా 75 డెసిబెళ్లు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది. నిర్వాహకులు "75 దాకా పర్మిషన్ ఉంది" అంటుంటారు. నివాస ప్రాంతంలో అది తప్పు: 55కి 10 కలిపితే 65, అదే తక్కువ కాబట్టి అదే పరిమితి. సొంత ఇంట్లోని సౌండ్ సిస్టమ్‌కైతే ఇంటి హద్దు దగ్గర 5 మాత్రమే ఎక్కువ ఉండొచ్చు, అంటే పగలు 60, రాత్రి 50.

అనుమతి నిజంగా ఉందా, ఏ షరతులతో ఇచ్చారు అన్నది సమాచార హక్కు కింద అడగవచ్చు. రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. ఒక్క రోజు ఫంక్షన్‌కు ఇది పనికిరాదు. వారం వారం మోగే ఫంక్షన్ హాలు విషయంలో మాత్రం చాలా ఉపయోగం.

డీజే మోగితే కిటికీలు అదురుతాయి, గుండె దడదడలాడుతుంది. మీటరు చూస్తే అంకె తక్కువే. ఎందుకు?

మీటరు ఏ-స్కేలులో కొలుస్తుంది కాబట్టి. మనిషి చెవి లోస్వరాలను తక్కువగా వింటుందన్న ఆధారంతో ఆ స్కేలు బాస్‌ను బాగా తగ్గించి లెక్కిస్తుంది. 63 హెర్ట్జ్ దగ్గర ఏకంగా 26 డెసిబెళ్లు తీసేస్తుంది. అంటే ఆ స్వరం దగ్గర నిజంగా 85 ఉన్నా మీటరులో కనిపించేది 59. గోడలూ కిటికీలూ హైపిచ్ శబ్దాన్ని కొంత ఆపుతాయి కానీ బాస్‌ను అంతగా ఆపలేవు. అందుకే తలుపులు మూశాక పాట వినబడదు, "ధబ్ ధబ్" మాత్రం మిగులుతుంది.

మీటరులో బాస్‌ను అంతగా తగ్గించని సీ-స్కేలు కూడా ఉంటే రెండూ రాసుకోండి. రెండింటి మధ్య తేడా 15, 20 దాటితే బాస్ ఎక్కువగా ఉన్నట్టు ఆధారం. చట్టం పరిమితి ఏ-స్కేలులోనే ఉంది, అయినా అధికారికీ కోర్టుకీ పరిస్థితి అర్థం కావడానికి ఈ అంకె పనికొస్తుంది.

ఊరేగింపుల డీజేలపై పోలీసులు విడిగా ఉత్తర్వులిస్తుంటారు. హైదరాబాద్‌లో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధిస్తూ 2024 అక్టోబరులో నగర కమిషనరు ఉత్తర్వు ఇచ్చారు. మీ కమిషనరేట్‌లో, జిల్లాలో అలాంటి ఉత్తర్వు ఉంటే ఫిర్యాదులో దాన్ని ప్రస్తావించండి.

ఫోన్ యాప్‌తో కొలిస్తే చెల్లుతుందా?

సాక్ష్యంగా బలహీనం, మీకు అంచనాకు మంచిది. ఫోన్ మైకు మాటల కోసం చేసింది. బాస్‌ను సరిగా పట్టదు, గట్టి శబ్దాన్ని తనంతట తానే తగ్గించుకుంటుంది. అధికారికంగా కొలిచేవాళ్లు క్లాస్ 1 లేదా క్లాస్ 2 (కచ్చితత్వపు శ్రేణులు) మీటరు వాడి, కొలిచే ముందూ తర్వాతా కాలిబ్రేటరుతో, అంటే తెలిసిన స్థాయి శబ్దం ఇచ్చే పరికరంతో, సరిచూస్తారు. కాలుష్య నియంత్రణ మండలి దగ్గర అవి ఉంటాయి, కొలవమని రాతపూర్వకంగా కోరండి.

మీరే కొలుస్తుంటే:

- ఏ-స్కేలు, సగటు చూపించే సెట్టింగు పెట్టండి. కనీసం 10–15 నిమిషాలు కొలవండి. గరిష్ఠ అంకెను ఒక్కదాన్నే పట్టుకోకండి.
- నేలకు 1.2 నుంచి 1.5 మీటర్ల ఎత్తులో, గోడలకు వీలైనంత ఎడంగా పట్టుకోండి. గోడకు ఆనించి కొలిస్తే ప్రతిధ్వని కలిసి ఎక్కువ చూపిస్తుంది.
- ఆ శబ్దం ఆగాక అదే చోట మళ్లీ కొలవండి. ఎక్కువమంది మర్చిపోయేది ఇదే.

ఆ రెండో కొలత ఎందుకంటే, మోత ఉన్నప్పుడు 58, లేనప్పుడు ట్రాఫిక్‌తోనే 52 ఉంటే మోత వాటా సుమారు 57. తేడా 10 దాటితే సవరణ అక్కర్లేదు. తేడా 3 కన్నా తక్కువైతే ఆ కొలతతో ఏదీ తేల్చలేం.

మోత నడుస్తుండగా ఎవరికి ఫోన్ చేయాలి?

112కి. ఏం మోగుతోంది, ఎక్కడ (ల్యాండ్‌మార్క్‌తో సహా), ఎప్పటి నుంచి, ఆరుబయటా లోపలా అన్నవి చెప్పండి. ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోండి. తర్వాత అర్జీ రాసేటప్పుడు మీరు నిజంగా ఫోన్ చేశారనడానికి ఆ నంబరే రుజువు. అరగంటలో ఆగకపోతే అదే నంబరు చెప్పి మళ్లీ చేయండి.

పక్కవాళ్లకు మీ పేరు తెలియడం ఇష్టం లేకపోతే కాల్‌లోనే "మా ఇంటికి రాకుండా నేరుగా అక్కడికే వెళ్లండి" అని స్పష్టంగా చెప్పండి. పోలీసులు ముందు ఫిర్యాదుదారు గుమ్మం తొక్కితే వీధంతా తెలిసిపోతుంది. ఇంకా మంచి మార్గం, సంఘం లెటర్‌హెడ్ మీద నలుగురైదుగురు సంతకాలతో ఇవ్వడం.

రాతపూర్వక ఫిర్యాదులో ఏం రాయాలి?

ముందు 10 రోజులు డైరీ రాయండి: తేదీ, మొదలైన సమయం, ఆగిన సమయం, ఏ శబ్దం, ఏ గదిలో వినబడింది, తలుపులు మూసినా వినబడిందా. తర్వాత ఇలా:

"ఏసీపీ / డీఎస్పీ గారికి. మా ఇంటికి సుమారు 40 మీటర్ల దూరంలోని ఫలానా ఫంక్షన్ హాలు ఓపెన్ లాన్‌లో ఈ కింది తేదీల్లో రాత్రి 10 గంటల తర్వాత సౌండ్ సిస్టమ్ వాడారు (జాబితా జతచేశాం). ఇది శబ్ద కాలుష్య నిబంధనలు 2000లోని 5(2) నిబంధనకు విరుద్ధం. 7వ నిబంధన కింద ఈ ఫిర్యాదు ఇస్తున్నాం. 8వ నిబంధన కింద నిషేధ ఉత్తర్వు ఇవ్వాలని కోరుతున్నాం. 112కు చేసిన కాల్స్ నంబర్లు, వీడియోలు జతచేశాం."

ఆ చివరి కోరిక వదిలేయకండి. 8వ నిబంధన కింద అధికారి రాతపూర్వకంగా ఆపమని, నియంత్రించమని ఆదేశించవచ్చు. అలాంటి ఉత్తర్వు చేతిలో ఉంటే మళ్లీ మోగినప్పుడు మొదటి నుంచీ వాదించాల్సిన పని ఉండదు. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి.

స్టేషన్‌లో పట్టించుకోలేదు. తర్వాత?

అదే అర్జీని కమిషనరు లేదా ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపండి. శబ్దం వ్యాపారానిదైతే కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి, మున్సిపాలిటీకి కూడా ప్రతులు పంపండి. లైసెన్స్ ఉన్నవాళ్లు పోలీసు కన్నా లైసెన్స్ ఇచ్చినవాళ్లకే ఎక్కువ భయపడతారు.

అక్కడా కదలిక లేకపోతే దారులు ఇవి:

- భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 152వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు అర్జీ. ప్రజలకు ఉపద్రవంగా ఉన్నదాన్ని తొలగించమని షరతుతో ఉత్తర్వు ఇచ్చే అధికారం ఉంది. పదిమంది ఇబ్బంది పడుతున్న కేసుకు ఇది బాగా సరిపోతుంది.
- ఇబ్బంది మీ ఒక్క ఇంటిదే అయితే సివిల్ కోర్టులో ఇంజంక్షన్ (ఆపమనే కోర్టు ఉత్తర్వు) దావా. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39 కింద తాత్కాలిక ఇంజంక్షన్ ముందే కోరవచ్చు.
- జాతీయ హరిత ట్రిబ్యునల్. మన రెండు రాష్ట్రాలకూ చెన్నైలోని దక్షిణ బెంచి. వివాదానికి కారణం తలెత్తిన 6 నెలల్లో వెళ్లాలి.
- జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. కేసు వేయకముందే ఇద్దరినీ పిలిచి రాజీకి కూర్చోబెడుతుంది. పక్కింటివాళ్లతో తగాదాకు ముందు ప్రయత్నించాల్సింది ఇదే అని మా అభిప్రాయం. అదే గోడ పంచుకుని ఇంకో 20 ఏళ్లు బతకాలి కదా.

శిక్ష ఎంత?

పర్యావరణ పరిరక్షణ చట్టం 15వ సెక్షన్ కింద ఇదివరకు జైలుశిక్ష ఉండేది. 2024 ఏప్రిల్ 1 నుంచి దాని స్థానంలో 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానా వచ్చింది. భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 292 కింద ప్రజా ఉపద్రవానికి వెయ్యి రూపాయల వరకు జరిమానా మాత్రమే. ఆపమని ఉత్తర్వు వచ్చాక కూడా కొనసాగిస్తే 293 కింద 6 నెలల వరకు సాధారణ జైలు లేదా 5 వేల వరకు జరిమానా, లేదా రెండూ. ఉత్తర్వు సంపాదించడం ఎందుకు ముఖ్యమో ఈ రెండు అంకెలు చూస్తే తెలుస్తుంది.

పక్క స్థలంలో రాత్రిపూట స్లాబు వేస్తున్నారు, బోరు వేస్తున్నారు.

శబ్దం చేసే నిర్మాణ యంత్రాలను నివాస ప్రాంతంలో రాత్రి 10 నుంచి 6 వరకు వాడకూడదు. మిల్లరు, వైబ్రేటరు, గ్రానైట్ కట్టర్, బ్రేకర్ అన్నీ అందులోకే వస్తాయి. "స్లాబు మధ్యలో ఆపితే జాయింట్ పడుతుంది" అనేది నిజమే. కానీ అది పని పొద్దున్నే మొదలుపెట్టడానికి కారణం అవుతుందే గానీ రాత్రి 1 దాకా సాగదీయడానికి కాదు. మొదలుపెట్టకముందే మేస్త్రీతో, యజమానితో మాట్లాడితే సులువు. పోస్తున్న కాంక్రీటును అర్ధరాత్రి ఆపించడం ఎవరివల్లా కాదు.

బోరుకైతే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి ఉండాలి, రిగ్గు రిజిస్టరై ఉండాలి. రాత్రి వచ్చే రిగ్గుల విషయంలో ఆ కాగితం అడగమని తహసీల్దారుకు చెప్పడం మంచి ఎత్తు.

జనరేటరు మోత?

2005 తర్వాత తయారైన 1000 కేవీఏ లోపు డీజిల్ జనరేటరు, దాన్ని మూసి ఉంచే పెట్టెకు 1 మీటరు దూరంలో 75 డెసిబెళ్లు దాటకూడదు. దాటుతోందంటే సాధారణ కారణాలు మూడు: వేడెక్కుతోందని పెట్టె తలుపు తెరిచి నడపడం, తలుపు రబ్బరు బీడింగు ఊడిపోవడం, సైలెన్సరు గొట్టాన్ని మీ కిటికీ వైపు తిప్పడం. మూడూ ఒక పూటలో సరిచేసే పనులే, ఫిర్యాదుకు ముందు వాచ్‌మన్‌కు చూపించండి.

పై ఫ్లాటు వాళ్ల కుర్చీల ఈడ్పు, రుబ్బుడు, పిల్లల గంతులు?

ఇక్కడ పోలీసుల వల్ల పెద్ద ప్రయోజనం ఉండదు. ఈ శబ్దం గాలిలోంచి రాదు, స్లాబులోంచి వస్తుంది. అందుకే కింద ఎంత ఫాల్స్ సీలింగ్ వేయించినా పూర్తిగా పోదు, పుట్టిన చోటే ఆపాలి. ఖర్చు కొద్దిదే కాబట్టి మీరే కొని ఇచ్చినా నష్టం లేదు:

కుర్చీ కాళ్లకు ఫెల్ట్ ప్యాడ్‌లు అతికించాలి. అరిగిపోతాయి కాబట్టి కొన్ని నెలలకొకసారి మార్చాలి. వెట్ గ్రైండరు, రోలు కింద మందపాటి రబ్బరు మ్యాట్. వాషింగ్ మెషీన్ స్పిన్‌లో గదంతా ఊగుతుంటే వెనక ట్రాన్సిట్ బోల్టులు (రవాణాలో డ్రమ్ము కదలకుండా బిగించేవి) తీశారో లేదో చూడమనండి, కొత్త ఫ్రంట్ లోడ్ మెషీన్లకు తరచు వాటిని అలాగే వదిలేస్తారు. తీసేసి ఉంటే కాళ్ల లెవెల్ సరిచేయాలి.

మోటారు మోత అయితే పంపు కింద రబ్బరు ప్యాడ్‌లు, పంపుకూ పైపుకూ మధ్య ఫ్లెక్సిబుల్ కనెక్టరు, గోడ క్లాంపుల్లో రబ్బరు. మోటారు ఆపగానే "ఢాం" అని వినిపిస్తే అది నాన్ రిటర్న్ వాల్వు (నీళ్లు వెనక్కి రాకుండా ఆపేది) కొట్టుకోవడం. స్ప్రింగు రకం వాల్వు వేస్తే చాలావరకు తగ్గుతుంది.

డ్రిల్లింగ్, ఇంటీరియర్ పనుల వేళలను సంఘం జనరల్ బాడీలో తీర్మానించుకోండి. ఉదాహరణకు 10 నుంచి 1, మళ్లీ 3 నుంచి 6, ఆదివారం వద్దు. తీర్మానం కాగితం మీద ఉంటే వాచ్‌మనే పనివాళ్లను ఆపగలడు.

కుక్కల మొరుగుడు, బైకుల సైలెన్సర్లు?

పెంపుడు కుక్క మొరుగుతోందని సంఘం పెంపకాన్ని నిషేధించలేదు, జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలు ఆ మాట స్పష్టంగా చెబుతున్నాయి. రోజంతా బాల్కనీలో కట్టేసి వెళ్లడమే సాధారణంగా అసలు కారణం. కుక్కను లోపల ఉంచమని, నడకకు తీసుకెళ్లమని యజమానితో మాట్లాడండి. సైలెన్సరు మార్చిన బైకు నంబరు, వీడియో ట్రాఫిక్ పోలీసులకు పంపండి. మోటారు వాహనాల చట్టం 190(2) కింద 10 వేల వరకు జరిమానా పడొచ్చు.

ఫంక్షన్ మా ఇంట్లోనే. ఫిర్యాదు రాకుండా ఏం చేయాలి?

అనుమతి తీసుకోండి, 10కి ఆపేస్తామని పక్కవాళ్లకు ముందే చెప్పండి, చెప్పినట్టే ఆపండి. సౌండ్ సిస్టమ్ వాళ్లతో 9:45కి చివరి పాట అని ముందే మాట్లాడుకోండి. ఒక పెద్ద పెట్టెను ఇళ్ల వైపు గట్టిగా పెట్టే బదులు నాలుగు చిన్న స్పీకర్లను కూర్చున్నవాళ్ల దగ్గర, తక్కువ సౌండ్‌తో పెట్టించండి. ఆరుబయట దూరం రెట్టింపయితే తగ్గేది 6 డెసిబెళ్లే: 10 మీటర్ల దగ్గర 90 ఉంటే 40 మీటర్ల దగ్గర 78, మధ్యలో గోడలేం లేకపోతే 160 మీటర్ల దగ్గర కూడా 66. సబ్ వూఫరును స్టేజీ చెక్క మీద, గోడ మూలన పెట్టనివ్వకండి.

ఇవన్నీ తేలేలోపు మా గదిలోకి శబ్దం తగ్గాలంటే?

ముందు సందులు మూయండి. గోడ ఎంత మందమైనా, దాని వైశాల్యంలో నూటికి ఒక వంతు ఖాళీ ఉంటే మొత్తం మీద 20 డెసిబెళ్లకు మించి ఆపలేదు. తలుపు కింద సందు, ఏసీ పైపు వెళ్లే రంధ్రం, ఎగ్జాస్ట్ ఫ్యాను, పాత వెంటిలేటరు వెతికి మూసేయండి. స్లైడింగ్ కిటికీల్లో బ్రష్ అంచుల గుండా శబ్దం కారిపోతుంది. రబ్బరు గాస్కెట్‌తో బిగుసుకునే కేస్‌మెంట్ (తలుపులా తెరుచుకునే) కిటికీ, లామినేటెడ్ అద్దం మేలు. గుడ్ల ట్రేలు, స్పాంజి, థర్మోకోల్ గోడకు అతికిస్తే బయటి శబ్దం ఆగదు. శబ్దాన్ని ఆపేది బరువు, బిగుతు. డబ్బు తక్కువుంటే అన్ని గదులకూ కొంచెం కొంచెం కాకుండా పడకగది కిటికీ ఒక్కదాన్నే బాగా చేయించండి. కిటికీ మూశాక గాలి ఆడే ఏర్పాటు కూడా అప్పుడే చూసుకోవాలి, లేదంటే నాలుగో రోజుకే మళ్లీ తెరుస్తారు.